చేదర్థకం తిరగబడితే



నూటికి 100 మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి నేను ఫెయిల్ చేశాను. 9 మార్కులు వచ్చినవాణ్ణి పాస్ చేశాను. 34 ఏళ్లు జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్పి, కట్టలకు కట్టలు జవాబు పత్రాలు దిద్దిన చేయి ఇది. ఉద్యోగంలో ఉండగా ఎన్నడూ ఇలాంటి పని చేయలేదు. రిటైరయ్యాక, 61వ ఏట, పైథాన్ నేర్చుకుంటూ చేశాను. కంగారు పడకండి, ఆ పిల్లలిద్దరూ ఉత్తుత్తి పిల్లలే. మార్కులు చెబితే పాసో ఫెయిలో చెప్పే ఆరు వరుసల ప్రోగ్రాం రాసుకున్నానంతే.

ఈ సరదా అంటించింది మా మనవరాలు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది, వేసవి సెలవులకు వచ్చింది. పైథాన్ అంటే కొండచిలువ కదే, ఆ పేరేమిటే అన్నాను. పాముకీ దానికీ చుట్టరికం లేదట. గిడో వాన్ రాసమ్ అనే డచ్ జాతీయుడు 1989 క్రిస్మస్ సెలవుల్లో పొద్దుపోక ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన భాష అది. బీబీసీలో వచ్చిన ‘మాంటీ పైథాన్’ అనే హాస్య కార్యక్రమమంటే ఆయనకు ఇష్టం, అందులోంచి పేరు తీసుకున్నాడు. 1991లో లోకానికి విడుదల చేశాడు. హాస్యం నుంచి పుట్టిన పేరు కాబట్టి నన్ను నవ్వులపాలు చేయడానికి దానికి హక్కుందనుకుంటాను.

మనవరాలు మొదటిరోజు ‘ఇఫ్’ గురించి చెబుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. “ఇది మా చేదర్థకమేనే!” అన్నాను. వానలు పడితే పంటలు పండుతాయి. ఎనిమిదో తరగతి పిల్లల చేత వందలసార్లు చెప్పించిన వాక్యం. ఒక పని జరగడం మరో పని మీద ఆధారపడితే, వాక్యంలో ముందొచ్చే ఆ షరతు క్రియ చేదర్థకం. పడితే, వస్తే, చదివితే. పైథాన్‌లో ‘ఇఫ్’ అంటే ఆ ‘తే’. ‘ఎల్స్’ అంటే లేకపోతే. ఇంకేముంది, సగం భాష వచ్చేసినట్టేననుకున్నాను.

అక్కడే బోల్తా పడ్డాను. మన చేదర్థకం మనుషుల మధ్య తిరిగేది. “బస్సు దొరికితే వస్తా” అని ఊరుకుంటాం. దొరక్కపోతే రాడని వినేవాడే పూరించుకుంటాడు. యంత్రం ఏదీ పూరించుకోదు. దొరక్కపోతే ఏం చేయాలో చెప్పలేదు కాబట్టి ఏమీ చేయదు, కిమ్మనకుండా కింది వరుసలోకి దిగిపోతుంది.

పైథాన్‌లో ఇంకో పద్ధతి ఉంది. ‘ఇఫ్’ వరుస చివర రెండు చుక్కలు పెట్టి, దాని కింద జరగాల్సిన పనుల్ని కాస్త కుడివైపుకు జరిపి రాయాలి. మామూలుగా నాలుగు ఖాళీలు. జరిపినవన్నీ ఆ షరతు కింద ఉన్నట్టు, ఎడమకు తెచ్చేస్తే బయటికి వచ్చినట్టు. పేరా మొదట్లో కాస్త చోటు వదలమని పిల్లలకు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయినవాణ్ణి, నాకు ఇది బాగా నచ్చింది. అయినా మూడోరోజునే “అభినందనలు” అనే వరుసను అజాగ్రత్తగా ఎడమ గోడకు ఆనించేశాను. దాంతో పాసైనవాడికీ అభినందనలు, ఫెయిలైనవాడికీ అభినందనలు. తప్పని తెరమీద ఎక్కడా రాలేదు. పైథాన్ లెక్కలో అందులో తప్పే లేదు మరి.

నాలాంటి వాళ్లకే కాదు, కొమ్ములు తిరిగినవాళ్లకూ ఇది జరుగుతుంది. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ హడావుడిగా ఒక సవరణ విడుదల చేయాల్సొచ్చింది. ఐఫోన్ ఇంటర్నెట్‌లో అవతలివాడు నిజంగా ఫలానావాడేనా అని సంతకం సరిచూసే చోట, ‘తప్పుంటే’ అనే షరతు కింద ‘బయటికి వెళ్లిపో’ అనే వరుస ఒకదాని కింద ఒకటి రెండుసార్లు పడింది. రెండోది కూడా కుడివైపుకు జరిగే ఉంది, చూసేవాడి కంటికి షరతు లోపలే ఉన్నట్టుంది. కానీ వాళ్లు రాసింది సీ భాషలో. అక్కడ కుడికి జరపడం అలంకారమే, అర్థం లేదు. కాబట్టి రెండో వరుస షరతుతో పనిలేకుండా ప్రతిసారీ అమలైంది, ఆ తర్వాతి సంతకం పరీక్ష జరగనే లేదు. అదే వరుసలు పైథాన్‌లో ఉంటే కంటికి కనిపించినట్టే నడిచేవి. ఆ ఒక్క విషయంలో మా కొండచిలువ నాకు ముద్దొస్తుంది.

సరే, 100 మార్కులవాడి దగ్గరికి వద్దాం.

మొదట రాసినప్పుడు ప్రోగ్రాం ఆగిపోయి ఎర్ర అక్షరాలు చూపించింది. అక్షరాల తీగకూ అంకెకూ పోలిక పెట్టలేనంది. సంగతేమిటంటే, ‘ఇన్‌పుట్’ అని అడిగి తీసుకున్నదేదైనా పైథాన్‌కు రాతే. మనం 35 కొట్టినా దానికది మూడూ ఐదూ అనే రెండు గుర్తులు, ముప్ఫై ఐదు కాదు. ఎర్ర అక్షరాలు చూడగానే నాకు పరువు పోయినట్టనిపించింది. మనవరాలు పక్కన లేదు. ఎలాగైనా వాటిని మాయం చేయాలన్న తొందరలో, ప్రోగ్రాంలో నేను రాసిన 35కు కూడా కొటేషన్ గుర్తులు తగిలించాను. అంటే అదీ రాత అయింది. ఎర్ర అక్షరాలు పోయాయి. 72 కొట్టాను, పాస్. 40 కొట్టాను, పాస్. 20 కొట్టాను, ఫెయిల్. మీసం మెలేశాను.

సాయంత్రం మనవరాలు వచ్చి 100 కొట్టింది. ఫెయిల్. 9 కొట్టింది. పాస్.

“తాతయ్యా, నిఘంటువులో ‘అమ్మ’ ముందొస్తుందా, ‘ఆవు’ ముందొస్తుందా?” అంది. అమ్మే అన్నాను. “ఆవు చిన్న మాట, అమ్మకు ఒత్తు కూడా ఉంది, బరువైన మాట కదా మరి?” అంది. బరువుతో పనేముందే, మొదటి అక్షరం చూస్తారు, ‘అ’ తర్వాతే ‘ఆ’ అన్నాను. అంటూండగానే వెలిగింది. రాతను రాతతో పోల్చమంటే పైథాన్ నిఘంటువు పద్ధతిలో పోలుస్తుంది. 100లో మొదటి గుర్తు 1, 35లో మొదటి గుర్తు 3. ఒకటి ముందొస్తుంది కాబట్టి 100 చిన్నది. 9 మూడు తర్వాత వస్తుంది కాబట్టి పెద్దది. రెండంకెల మార్కులన్నింటికీ అకారాది క్రమమూ లెక్కా ఒకటే అవుతాయి కాబట్టి నా పరీక్షలన్నీ నెగ్గాయి. నిజానికి ఎర్ర అక్షరాలు నాకు ఉపకారం చేయబోయాయి. నేనే వాటి నోరు నొక్కాను. ‘ఇంట్’ అని ఒక్క మాటతో చుడితే రాత అంకె అవుతుంది. వైద్యం అంతే.

ఆ మర్నాటి తప్పు గురించి రెండు ముక్కల్లో చెబుతాను, అందరూ చేసేదే. ఫస్ట్ క్లాసు, సెకండ్ క్లాసు, థర్డ్ క్లాసు చెప్పించాలనుకున్నాను. నా కాలపు లెక్క, 60, 50, 35. మెట్లెక్కినట్టు కిందనుంచి రాశాను. 35 గానీ అంతకు మించి గానీ వస్తే థర్డ్ క్లాసు, అది కాకుంటే 50 చూడు, అదీ కాకుంటే 60 చూడు. 92 కొట్టినా థర్డ్ క్లాసే వచ్చింది. 92 కూడా 35కు మించిందే కదా! మొదటి తలుపు తెరుచుకోగానే మిగతా తలుపుల దగ్గరికి ఎవరూ వెళ్లరు. పైనుంచి కిందికి రాశాక కుదిరింది.

ఇక నన్ను నిజంగా ఏడిపించింది ‘అవును’. “ఇంకొకరి మార్కులు చూడాలా?” అని ప్రోగ్రాం అడగాలి. అవును అంటే మళ్లీ మొదలెట్టాలి. పైథాన్‌లో ఇప్పుడు మనం పెట్టుకునే పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు. మార్కులు, జవాబు, అలాగే రాసుకున్నాను. ఇఫ్, ఎల్స్ లాంటి దాని సొంత మాటలే ఇంగ్లీషు. జవాబు అవునుతో సమానమైతే అని రాశాను. సమానమా అని అడగడానికి రెండు సమాన గుర్తులు పక్కపక్కన పెట్టాలి. ఒక్కటి పెడితే అడగడం కాదు, ఇవ్వడం. అదీ జాగ్రత్తగానే పెట్టాను. నేను ప్రోగ్రాం నడిపేది ఫోనులోనే, అందులో ‘అవును’ అని కొట్టాను. సెలవు అని చెప్పి ముగించేసింది. మళ్లీ కొట్టాను. మళ్లీ సెలవు. తెరమీద నా అవునూ, ప్రోగ్రాంలోని అవునూ పక్కపక్కన పెట్టి చూశాను. కవలపిల్లల్లా ఉన్నాయి.

మనవరాలు ఫోను తాకలేదు. “జవాబు పొడవెంతో అడుగు తాతయ్యా” అంది. ‘లెన్’ అని ఒకటుంది, పొడవు చెబుతుంది. అడిగితే 6 అంది. నాకు కోపం వచ్చింది. అవును అనే మాటకు అక్షరాలు మూడు. అ, వు, ను. ఆరెక్కడివి? ఛందస్సు చెప్పిన నాకే అక్షరాల లెక్క చెబుతుందా ఇది? తీరా చూస్తే కంప్యూటరు తెలుగును మనలా లెక్కపెట్టదు. అ ఒకటి, వ ఒకటి, దాని కొమ్ము ఒకటి, న ఒకటి, దాని కొమ్ము ఒకటి. ఐదు. గుణింతపు గుర్తును విడిగా లెక్కేస్తుంది. బాగానే ఉంది, మరి ఆరోది? అప్పుడు దొరికింది దొంగ. ఫోనులో పైన సూచనగా వచ్చిన మాటను వేలితో తాకితే, మాట చివర ఒక ఖాళీని కూడా అదే చేరుస్తుంది. నేను కొట్టింది అవును కాదు, అవును-ఖాళీ. కంటికి కనబడదు, పోలికకు అడ్డం పడుతుంది. ‘స్ట్రిప్’ అంటే అటూ ఇటూ ఉన్న ఖాళీల్ని కత్తిరించి ఇస్తుంది. కత్తిరించాను.

అప్పట్నుంచి షరతు దగ్గర అనుమానమొస్తే నేను చేసే మొదటి పని, ఆ షరతుకు ముందు వరుసలో ‘ప్రింట్’ పెట్టి, నీ చేతిలో ఉన్నదేమిటో చూపించమనడం. విలువ, దాని పొడవు, అది రాతా అంకెనా. సంతలో కూరగాయలు కొనేటప్పుడు సంచి తెరిచి చూడమా, అలాగ. పెద్ద పెద్ద పనిముట్లు ఉన్నాయట దీనికి. నాకింకా ఆ అవసరం రాలేదు.

మనుషులు అవునని మాత్రమే అంటారా? సరే అంటారు. కాబట్టి మెరుగు పెట్టాను. జవాబు అవును లేదా సరే అయితే కొనసాగించు. ‘లేదా’కు పైథాన్‌లో ‘ఆర్’. రాశాను. అవును అన్నాను, కొనసాగింది. సరే అన్నాను, కొనసాగింది. వద్దు అన్నాను. కొనసాగింది. చాలు అన్నాను, నోరు మూసుకో అన్నాను, కొనసాగుతూనే ఉంది.

అప్పుడు మనవరాలు స్నేహితుల ఇంటికి వెళ్లింది. మా ఆవిడ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆమెకు పైథాన్ అంటే ఎంత ఆసక్తో నాకు రిటైర్మెంటు బెనిఫిట్స్ లెక్కలంటే అంత. అయినా చదివి వినిపించాను. నేను అనుకున్నది కాదు, తెరమీద ఏ వరుసలో ఏముందో ఆ వరుసలోనే చదివాను. “ఇఫ్, జవాబు, సమానమా, అవును, ఆర్, సరే.”

“సరే ఏమిటి?” అంది, తలెత్తకుండానే.

“సరే అంటే, సరే అన్నా కూడా…”

“ఎవరన్నా? మొదటిదాంట్లో జవాబు అవునుతో సమానమా అన్నారు. రెండోదాంట్లో ఊరికే సరే అన్నారు. ఏది సరే?”

సరిగ్గా పైథాన్ కూడా అక్కడే తెల్లమొహం వేసింది. కాకపోతే అది మా ఆవిడలా అడగదు. ‘ఆర్’కు అటూ ఇటూ చెరో ప్రశ్న ఉండాలి. ఇటువైపు ప్రశ్న ఉంది, జవాబు అవునా అని. అటువైపు ‘సరే’ అనే రాత ఒక్కటే ఉంది. ఒట్టి రాతను నిజమా అబద్ధమా అని చూడాల్సొస్తే పైథాన్‌కు ఒక నియమముంది. ఖాళీ రాతైతే అబద్ధం, ఏదైనా ఒక గుర్తున్నా నిజం. ‘సరే’లో గుర్తులున్నాయి కాబట్టి ఎప్పుడూ నిజం. నేను వద్దన్నా, అరిచినా, ఇది నిజమే. తెలుగులో ‘అవును లేదా సరే అయితే’ అంటే ఆ చివరి ‘అయితే’ వెనక్కి వెళ్లి రెండింటికీ అతుక్కుంటుంది. పైథాన్‌లో అతుక్కోదు. జవాబు అవునా లేదా జవాబు సరేనా అని రెండుసార్లు అడగాలి. లేదా ఈ జాబితాలో ఉందా అని ‘ఇన్’తో అడగాలి.

ప్రోగ్రాంలో తప్పు దొరక్కపోతే బల్ల మీద రబ్బరు బాతుబొమ్మ పెట్టుకుని, దానికి ఒక్కో వరుసా వివరించి చెప్పమని 1999లో వచ్చిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ అనే పుస్తకంలో ఉంది. బాగా పేరుపడ్డ చిట్కా అట. బాతు ఎదురు ప్రశ్న వేయదు. మా ఇంట్లో ఆ లోటు లేదు.

దీని తర్వాతిదే నాకు అన్నిటికంటే ఇష్టమైన తప్పు, కొంచెం ఓపిగ్గా వినండి. జవాబు అవునో వద్దో తప్ప ఇంకేదైనా వస్తే ప్రోగ్రాం మళ్లీ అడగాలి. నేను తెలుగులో ఇలా ఆలోచించాను. అవును కాకపోయినా, వద్దు కాకపోయినా, మళ్లీ అడుగు. చక్కటి తెలుగు వాక్యం కదా. ‘కాకపోయినా’ అంటే వ్యతిరేక అప్యర్థకం, పరీక్షలో వస్తే మార్కులు వేస్తాను. దాన్ని పొల్లుపోకుండా రాశాను. జవాబు అవును కాదు, ‘ఆర్’, జవాబు వద్దు కాదు. అయితే మళ్లీ అడుగు.

అడగడం మొదలెట్టిందయ్యా, ఆగదు. అవునన్నా అడుగుతుంది, వద్దన్నా అడుగుతుంది. ఈసారి మనవరాలిని పిలవలేదు. ఒక విలువ చేత పట్టుకుని వరుసలో నడిచాను. జవాబు ‘అవును’ అనుకుందాం. అవును కాదా? అబద్ధం. వద్దు కాదా? నిజమే, అవును ‘వద్దు’ కాదు కదా. ‘ఆర్’కు ఒకవైపు నిజమైతే చాలు. మళ్లీ అడుగు. ఇప్పుడు ‘వద్దు’ పట్టుకుందాం. అవును కాదా? నిజం. మళ్లీ అడుగు. ఏ మాటైనా ఒకేసారి అవునూ, వద్దూ రెండూ కాలేదు కాబట్టి ఈ షరతు అబద్ధమయ్యే దారే లేదు. అక్కడ ఉండాల్సింది ‘అండ్’. అవునూ కాదు, వద్దూ కాదు, రెండూ కలిసి నిజమైతేనే మళ్లీ అడగాలి.

‘కాదు’ను బయటినుంచి లోపలికి తీసుకెళ్తే ‘లేదా’ కాస్తా ‘రెండూ’గా మారిపోతుంది, ‘రెండూ’ ‘లేదా’ అవుతుంది. తర్కంలో దీన్ని డీ మోర్గన్ సూత్రాలంటారు. ఆ ఆగస్టస్ డీ మోర్గన్ ఇంగ్లీషాయనే గానీ పుట్టింది మన మదురైలో, 1806లో. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. డీ మోర్గన్‌కు స్నేహితుడు జార్జ్ బూల్, చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి, సొంతంగా గణితం నేర్చుకున్నవాడు. నిజం, అబద్ధం అనే రెండింటితో బీజగణితం నడపొచ్చని చూపించి 1854లో పుస్తకం రాశాడు. పైథాన్‌లో నిజానికీ అబద్ధానికీ ఉన్న ‘బూల్’ అనే పేరు ఆయనదే. బూల్ భార్య మేరీ, మన దేశాన్ని కొలిపించిన జార్జ్ ఎవరెస్ట్ తమ్ముడి కూతురో అన్న కూతురో గానీ, మొత్తానికి సోదరుడి కూతురు. చుట్టరికాలు తవ్వడం తెలుగు మేష్టర్ల జబ్బు, క్షమించండి.

మన భాష తరఫున ఒక్క మాట చెప్పుకోవాలి. ‘అవును గానీ వద్దు గానీ కాకపోతే’ అని చూడండి. ఇందులో ‘కాక’ ఒక్కసారే, చివర వచ్చింది, రెండింటినీ కలిపి కొట్టేసింది. పైథాన్‌లో ‘నాట్’ బయట పెట్టి, లోపల బ్రాకెట్లో ‘ఆర్’ రాస్తే ఇదే వస్తుంది, సరిగ్గా పనిచేస్తుంది. అంటే తెలుగులో ఒక వాక్యం నన్ను ముంచింది, ఇంకో వాక్యం ఒడ్డున వేసింది. ‘కాకపోయినా కాకపోయినా’ అన్నప్పుడు వినేవాడు సర్దుకుని అర్థం చేసుకుంటాడు. ‘గానీ గానీ కాకపోతే’కు ఆ సర్దుబాటు అక్కర్లేదు.

ఇక గట్టు మీది సంగతి. తప్పులు ఎక్కువగా పొలం మధ్యలో ఉండవు, గట్టు మీద ఉంటాయి. 35 దాటితే పాస్ అని రాస్తే, సరిగ్గా 35 వచ్చినవాడి గతేమిటి? మన వాడుకలో ‘పదో తారీఖు లోపు కట్టండి’ అంటే పదో తారీఖున కట్టొచ్చా కూడదా అని కౌంటరు దగ్గర ఎన్ని తగాదాలు చూడలేదు! పెద్దదా అనే గుర్తుకూ, పెద్దదా లేదా సమానమా అనే గుర్తుకూ మధ్య ఒక పిల్లవాడి సంవత్సరం ఉంటుంది. అందుకే ఇప్పుడు 72లూ 40లూ కొట్టడం మానేశాను. 34, 35, 36 కొడతాను. 49, 50. 59, 60. 0, 100. చివరికి సున్నకు ఒకటి తక్కువ, 101 కూడా. మొదటిసారి 101 కొడితే ఫస్ట్ క్లాసు ఇచ్చింది, దానిక్కూడా ఒక షరతు రాయాల్సొచ్చింది.

గట్టు మీద జారినవాళ్లలో మైక్రోసాఫ్ట్ కూడా ఉంది. పాటలు వినే జ్యూన్ అనే పరికరం అమ్మేవాళ్లు. 2008 డిసెంబర్ 31న ముప్ఫై జీబీ జ్యూన్లన్నీ ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. లోపల గడియారం 1980 నుంచి గడిచిన రోజుల్ని సంవత్సరాలుగా మార్చే చోట షరతు ఇలా ఉంది. మిగిలిన రోజులు 365 కంటే ఎక్కువగా ఉన్నంతసేపూ తిరుగు. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువుంటే 366 తీసెయ్. మామూలు సంవత్సరమైతే 365 తీసెయ్. చదివితే తప్పేం కనబడదు. కానీ 2008 లీపు సంవత్సరం, డిసెంబర్ 31 అందులో సరిగ్గా 366వ రోజు. 365 కంటే ఎక్కువే, కాబట్టి తిరగాలి. 366 కంటే ఎక్కువ కాదు, కాబట్టి తీసేయడానికి లేదు. ‘లేకపోతే’ రాయలేదు. తీసేయకుండా తిరగడం, తిరిగి మళ్లీ తీసేయకపోవడం. బ్యాటరీ అయిపోయే దాకా ఆగి, మర్నాడు ఛార్జింగ్ పెట్టుకోండని కంపెనీ చెప్పింది. అలా అయితే సరిపోయింది కూడా, మర్నాటికి 2009 వచ్చేసింది కదా. మిగతా రోజులన్నీ శుభ్రంగా పనిచేసిన షరతు, లీపు సంవత్సరం ఆఖరి రోజున మూగబోయింది.

మనవరాలు సెలవులయ్యాక వెళ్లిపోయే ముందురోజు నా ప్రోగ్రాంను పరీక్షిస్తానంది. మూడు పూటలుగా గట్లన్నీ తొక్కి ఉన్నాను కాబట్టి ధైర్యంగా ఫోను చేతికిచ్చాను. 34 కొట్టింది, ఫెయిల్. 35, థర్డ్ క్లాసు. 101, ఇలాంటి మార్కులుండవంది. ముప్ఫై ఐదు అని అక్షరాల్లో కొట్టింది. ఎర్ర అక్షరాలతో ఆగిపోయింది. “అది రేపు సరిచేస్తాలే” అన్నాను. అప్పుడు తనకి ఏం తోచిందో, కీబోర్డు మార్చి తెలుగు అంకెల్లో ౩౫ కొట్టింది. నేను పాఠం చెప్పినప్పుడైనా వాడని అంకెలు, పాత పంచాంగాల్లో చూసేవి. ఇది కూడా ఎర్రబడుతుందని ఇద్దరం ముందే నవ్వుకున్నాం.

థర్డ్ క్లాసు, అంది.